వాపసొచ్చిన పార్సిల్‌ని కెమెరా ముందే విప్పండి

నేను ఆన్‌లైన్ సైట్లలో చీరలు అమ్ముతాను. ఒకసారి మంగళగిరి నిజాం అంచు చీర పంపితే, రిటర్న్ ప్యాకెట్‌లో పసుపు మరకల పాత పాలిస్టర్ చీర వచ్చింది. రెండువేల రెండొందలు! 'ఆధారం ఏదండీ?' అన్నారు సైట్ సపోర్టు వాళ్లు. నా దగ్గరున్నది ప్యాకెట్ విప్పేశాక తీసిన ఫొటో ఒక్కటే. నష్టపరిహారం కోసం వేసిన క్లెయిమ్ కొట్టేశారు.

అప్పట్నుంచి ప్రతి చీర కొంగు లోపలి మూలన ఆకుపచ్చ దారంతో మూడు చిన్న కుట్లు వేస్తున్నాను. తెలియనివాళ్ల కంటికి ఆనవు. ప్యాకింగ్ వీడియోలో ఆ కుట్లు, తూకం, లేబుల్ నంబరు మూడూ కనపడాలి.

రిటర్న్ వచ్చినప్పుడు ముందు టేపు చూడండి. టేపు మీద టేపు ఉంటే, డెలివరీ అబ్బాయికి ఓటీపీ చెప్పకముందే ఫొటో తీయండి. తర్వాత ఒకే షాట్‌లో వీడియో: పార్సిల్ ఆరు వైపులా, లేబుల్ దగ్గరగా, తూకం, కత్తిరించడం, చీర పూర్తిగా పరిచి కొంగు మూల. మధ్యలో ఆపితే వీడియో ఉన్నా లేనట్టే. ఒకసారి సరిగ్గా కత్తెర పెట్టేసరికి మా బావగారు ఫోన్ చేశారు, రికార్డింగ్ ఆగిపోయింది. ఇప్పుడు ముందే ఫ్లైట్ మోడ్‌లో పెడతాను.

క్లెయిమ్ గడువు ఒక్కో సైట్‌లో ఒక్కోలా ఉంటుంది, సెల్లర్ ప్యానెల్‌లో, అంటే సైట్‌లో మీ అమ్మకాల ఖాతా పేజీలో చూసుకోండి. నేనైతే ఆ సాయంత్రమే వేసేస్తాను. రాసేటప్పుడు బాధంతా వెళ్లగక్కొద్దు. ఆర్డర్ నంబరు, పంపిన బరువు, వచ్చిన బరువు, ఏం మారింది, అంతే. తిరస్కరిస్తే అదే ఆధారంతో మళ్లీ అప్పీలు చేయండి.

కొన్నవాళ్లకు ఫోన్ చేసి మాత్రం తగువు పెట్టుకోవద్దు. సరుకు దారిలో మారిపోయి ఉండొచ్చు కూడా.