రాత్రి కబడ్డీ ఫొటోలకు లెన్స్ కొనే ముందు జాగ్రత్తలు

- ముందు అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) అంకె చూడండి. అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ. కెమెరాతో పాటు వచ్చే మామూలు కిట్ లెన్స్‌ని పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్/2.8 లెన్స్ దానికి నాలుగు రెట్ల వెలుతురు లోపలికి తెస్తుంది. అందువల్ల 1/125 సెకను షట్టర్‌తో రైడర్ చెయ్యి పొగలా చెదిరిపోయే చోట, 1/500 పెట్టి వేళ్లకు అంటిన మట్టి కూడా కనబడేలా తీయొచ్చు.

- స్టెబిలైజేషన్ ఉందని ధీమా వద్దు. అది మన చేతి వణుకునే ఆపుతుంది, ఆటగాడి పరుగుని కాదు.

- మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. గీత పక్కనే కూర్చునేవాళ్లకి 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ చాలు, డబ్బూ మిగులుతుంది. క్రికెట్‌కైతే సరిపోదు.

- వీలైతే ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకోండి. ఫోకస్ ఎంత చురుగ్గా పట్టుకుంటుందో ఫ్లడ్‌లైట్ల కిందే తెలుస్తుంది, షాపులో కాదు.

- ఫ్లాష్ మీద ఆధారపడొద్దు. ఆటగాళ్ల కళ్లలో పడుతుంది.