హాట్ టబ్ నీళ్లలో మందు వేసే ముందు

నీళ్లు మసకబారాయని కంగారుపడి వెంటనే క్లోరిన్ గుమ్మరించకండి. ముందు టెస్ట్ స్ట్రిప్ (నీళ్లలో ఏది ఎంత ఉందో రంగు మారి చూపే పట్టీ) ముంచి చూడండి. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార స్థాయి) 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల పాళ్లలో 3 పాళ్లు) ఉండాలి. ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే క్షార గుణం) తేడాగా ఉంటే ముందు దాన్నే సరిచేయాలి, లేకపోతే పీహెచ్ నిలవదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు: క్లోరిన్ మరీ ఎక్కువైనా స్ట్రిప్ మీద రంగు వెలిసిపోయి తెల్లగా కనిపిస్తుంది. అసలు లేదనుకుని ఇంకా వేసేస్తారు. అనుమానం వస్తే గ్లాసుడు టబ్ నీళ్లలో గ్లాసుడు మంచినీళ్లు కలిపి మళ్లీ చూడండి. ఇప్పుడు రంగు తేలితే క్లోరిన్ ఎక్కువైనట్టే.

☐ ఫిల్టర్ తీసే ముందు మెయిన్ స్విచ్ ఆపేయండి.

☐ గ్లవ్స్, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. టబ్ మూత తెరిచే ఉంచండి.

☐ రెండు మందులు కలపొద్దు, ఒకే చెంచా వాడొద్దు. వేర్వేరు రకాల క్లోరిన్ కలిసినా మంటలు రావచ్చు. మందునే నీళ్లలో వేయాలి, మందు మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు.

నురగ వస్తే చాలాసార్లు ఒంటి సబ్బు, లోషన్లే కారణం. నీళ్లు తేటగానే ఉండి ఆకుపచ్చగా కనిపిస్తే రాగి చేరి ఉండొచ్చు, దానికి క్లోరిన్ మందు కాదు.

మందు వేశాక మళ్లీ టెస్ట్ చేసేదాకా పిల్లల్ని అస్సలు దిగనివ్వకండి.