వాక్య నిర్మాణం, 4వ పాఠం: ‘నాకు’ కర్తేనా?

ఈసారి ప్రశ్న వాక్యాలు మొదలుపెడదామనుకున్నాను. మీ జవాబులు చూశాక వాటిని వాయిదా వేశాను. పోయిన పాఠంలో కర్తను గుర్తించమని ఇచ్చిన వాక్యాల్లో ఏడోది ‘నాకు ఆ పిల్లాడు నచ్చాడు’. దాదాపు అందరూ ‘నాకు’ కింద కర్త అని రాశారు, నచ్చడం జరిగేది నా మనసులోనే కదా అని. నాలుగోది ‘గోడ కూలింది’. దీనికి కర్తే లేదన్నారు కొందరు. గోడ ఏ పనీ చెయ్యలేదట.

ఇందులో నా తప్పు ఉంది. మూడో పాఠంలో ‘కర్త’ అన్న మాటను రెండు వేరు వేరు విషయాలకు వాడేశాను. ‘పని చేసేవాడు కర్త’ అని బళ్ళో నేర్చుకున్న నిర్వచనం మీ తలల్లో ముందే ఉంది కాబట్టి రెండూ కలిసిపోయాయి. అర్థాన్ని పట్టుకుని వాక్య నిర్మాణాన్ని తేల్చెయ్యాలని చూడడం ఈ చదువులో అన్నిటికన్నా మొండి అలవాటు. దాన్ని ఇక్కడే వదిలించుకోకపోతే ముందుకు వెళ్ళలేం.

పాణిని ‘స్వతంత్రః కర్తా’ అన్నాడు. పని జరగడంలో ఎవరిది స్వతంత్రమైన పాత్రో వాళ్ళు కర్త. ఆ కర్త ఏ విభక్తిలో ఉన్నా కర్తే. ‘రాముడి చేత ఉత్తరాలు రాయబడ్డాయి’ అన్నప్పుడు కర్త రాముడే. (మాట్లాడేటప్పుడు ఇలా ఎవరూ అనరు, నాకూ ఈ ‘బడు’ వాక్యాలంటే ఇష్టం లేదు. ఇక్కడ మాత్రం పనికొస్తుంది.) కానీ క్రియ రాముణ్ణి అనుసరించలేదు. ‘రాయబడ్డాయి’ అన్న బహువచనం ఉత్తరాలది. పని చేసినవాడు ఒకడు, క్రియను తనవైపు తిప్పుకున్నది ఇంకొకటి. అందుకని ఇకనుంచి మొదటిదాన్ని కర్త అంటాను, రెండోదాన్ని సబ్జెక్టు అంటాను. ఇంగ్లీషు మాటే అయినా పాత అర్థాల బరువు దానిమీద లేదు.

సబ్జెక్టును అర్థంతో కాదు, పరీక్షతో పట్టాలి. మొదటి పరీక్ష క్రియ చివర. నేను ఎప్పుడూ ‘నువ్వు’ పెట్టి చూస్తాను. ‘ఆమె వచ్చింది’, ‘అది వచ్చింది’ రెండిటికీ ఒకే రూపం కాబట్టి ప్రథమ పురుషలో సగం సంగతి దాక్కుంటుంది. ‘నువ్వు’ పెడితే దాక్కోలేదు.

నాకు ఆ పిల్లాడు నచ్చాడు.
నాకు నువ్వు నచ్చావు.
నాకు వాళ్ళు నచ్చారు.
నీకు వాళ్ళు నచ్చారు.
మాకు వాళ్ళు నచ్చారు.

‘నాకు’ను ‘నీకు’గా, ‘మాకు’గా మార్చినా క్రియ కదల్లేదు. పిల్లాణ్ణి మార్చగానే కదిలింది. ‘నువ్వు’ అతకని చోట బహువచనం పెట్టండి. గోడలు కూలాయి. నాకు అనుమానాలు వచ్చాయి. ఈ పరీక్ష ప్రకారం ‘గోడ’ సబ్జెక్టు, ‘అనుమానాలు’ సబ్జెక్టు, ‘నాకు’ కాదు. ఇక ‘నాకు ఆకలిగా ఉంది’ చూడండి. ‘మాకు ఆకలిగా ఉంది’, ‘వాళ్ళకు ఆకలిగా ఉంది’. ఏం మార్చినా ‘ఉంది’ అలాగే ఉంది, అనుసరించడానికి విభక్తి లేని నామవాచకం అక్కడ లేదు.

రెండో పరీక్ష ‘తన’. ‘రవి మాధవిని తన గదిలో చూశాడు’ అంటే గది రవిది. ‘తన’ మామూలుగా సబ్జెక్టును వెతుక్కుంటుంది. ఇప్పుడు ‘రవికి తన తమ్ముడి స్నేహితుడు నచ్చాడు’. తమ్ముడు ఎవరికి? రవికే. అంటే క్రియ స్నేహితుడి వెంట వెళ్ళింది, ‘తన’ రవి వెంట వెళ్ళింది. ‘నాకు’ కర్త అని రాసినవాళ్ళకు లోపల ఎక్కడో తెలిసింది ఇదే. గమనింపు సరైనదే, కారణం మాత్రం సరైనది కాదు.

సబ్జెక్టు అనేది ఒక్క గుణం కాదని, కొన్ని లక్షణాల మూట అని 1976లో ఎడ్వర్డ్ కీనన్ అనే భాషాశాస్త్రవేత్త వాదించాడు. మామూలు వాక్యంలో మూట అంతా ఒకే నామవాచకం దగ్గర ఉంటుంది. ‘నచ్చు’, ‘కనిపించు’, ‘గుర్తుండు’ లాంటి క్రియలు వచ్చినప్పుడు విడిపోతుంది.

భాష మారితే మూట ఇంకోలా విడిపోతుంది. హిందీలో ‘లడ్కే నే కితాబ్ పఢీ’. చదివింది అబ్బాయి, క్రియ మాత్రం స్త్రీలింగమైన ‘కితాబ్’ను అనుసరించింది. మలయాళంలో ‘ఞాన్ వన్ను, అవన్ వన్ను, అవళ్ వన్ను’. ఎవరొచ్చినా ‘వన్ను’ ఒకటే, మన మొదటి పరీక్ష అక్కడ చెల్లదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు చెందిన డిర్బల్ భాష నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ. 1972లో ఆర్.ఎం.డబ్ల్యూ. డిక్సన్ దాని వ్యాకరణం ప్రచురించాడు. ఙుమ అంటే నాన్న, యబు అంటే అమ్మ.

ఙుమ బనగన్యు: నాన్న తిరిగొచ్చాడు.
యబు బనగన్యు: అమ్మ తిరిగొచ్చింది.
ఙుమ యబుఙ్గు బురన్: అమ్మ నాన్నను చూసింది.

మూడోది మళ్ళీ చదవండి. తెలుగులో చూడబడ్డ మనిషికి ‘ను’ చేరుస్తాం. డిర్బల్‌లో చూసిన మనిషికి ‘ఙ్గు’ చేరుతుంది. చూడబడ్డ నాన్న, తిరిగొచ్చిన నాన్న ఒకే రూపంలో ఉంటారు. ఇప్పుడు ‘ఙుమ యబుఙ్గు బురన్ బనగన్యు’ అంటే తిరిగొచ్చింది ఎవరు? ‘అమ్మ నాన్నను చూసి తిరిగొచ్చింది’ అంటే మనకు వచ్చింది అమ్మే. డిర్బల్‌లో వచ్చింది నాన్న. చెప్పకుండా వదిలేసిన పేరును ఆ భాష ప్రత్యయం లేని మాట నుంచి తీసుకుంటుంది. ఈ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగండి. నేను మొదటిసారి చదివినప్పుడు ఆ రోజంతా ఇంకేమీ చదవలేకపోయాను.

సబ్జెక్టే ఇంత జారిపోతుంటే పోయినసారి ఇచ్చిన పదక్రమం లెక్కలు (ఎన్ని భాషలు సబ్జెక్టును, క్రియను ఏ వరసలో పెడతాయో) చెల్లుతాయా అన్న అనుమానం మీకు రావాలి. చెల్లుతాయి. భాషాశాస్త్రవేత్త మాథ్యూ డ్రయర్ పట్టికలో 1,376 భాషలున్నాయి. 564 భాషలు మనలా క్రియను చివర, సబ్జెక్టును మొదట పెడతాయి. 488 భాషల్లో సబ్జెక్టు మొదట, క్రియ మధ్యలో ఉంటాయి. ఆ పట్టికలో సబ్జెక్టు అన్నది ఈ పరీక్షల్లో తేలినది కాదు, ఇద్దరు పాల్గొనే పనిలో చేసేవాడికి దగ్గరగా ఉన్నవాడు. అంటే ఇవాళ మనం కర్త అన్నదే.

మూడో పరీక్ష ‘-ఇ’ రూపం: వచ్చి, చూసి. ‘రవి వచ్చి పడుకున్నాడు’లో రెండు పనులకూ సబ్జెక్టు ఒకటే. అయితే ‘వాన పడి చెరువు నిండింది’ కూడా మంచి తెలుగే, కారణం చెప్పేటప్పుడు సబ్జెక్టు మారవచ్చు. కాబట్టి ఈ పరీక్షను చివర్లో మాత్రమే వాడండి.

అభ్యాసం: ఒక రోజంతా మీ చుట్టూ వినబడే మాటల్లోంచి ‘-కు’, ‘-కి’ చేరిన మాటతో మొదలయ్యే వాక్యాలు నలభై రాసుకోండి, పుస్తకాల్లోంచి వద్దు. ఒక్కోదానికి మొదటి రెండు పరీక్షలూ పెట్టి క్రియ ఎటు వెళ్ళిందో, ‘తన’ ఎటు వెళ్ళిందో రాయండి. రెండూ ఒకే చోటికి వెళ్ళినవి ఉంటే విడిగా పెట్టండి, వచ్చేసారి వాటితోనే మొదలుపెడతాను. డిర్బల్‌లో ‘నాన్న అమ్మను చూశాడు’ కూడా రాసి, దాని చివర ‘బనగన్యు’ చేరిస్తే ఎవరు తిరిగొచ్చినట్టో చెప్పండి.