జేబు పిస్టల్ మొరాయిస్తోందా? లోపం ఎక్కడుందో వరుసగా పట్టుకోవడం ఎలా

రూగర్ ఎల్‌సీపీ, సిగ్ పీ365, గ్లాక్ 42, 43 లాంటి చిన్న పిస్టళ్లను అమెరికాలో ఆత్మరక్షణ కోసం నడుముకో, జేబులోనో దాచి మోస్తుంటారు. అవసరం వచ్చినప్పుడు పేలాలి కాబట్టే అవి మన దగ్గర ఉంటాయి. పది తూటాలకు ఒకసారి ఇరుక్కునే పిస్టల్‌ను మోయడం, అసలు లేకపోవడం కన్నా ప్రమాదం. దాన్ని నమ్ముకుని ఉంటాం కదా! అందుకే కారణం తేలేవరకు, మరమ్మతు చేశాక పరీక్షలో నెగ్గేవరకు, ఆ పిస్టల్‌ను ఇంట్లో తాళం వేసి ఉంచండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ తమ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలోకి మీరు వస్తారో రారో లాయర్‌ను అడిగి తేల్చుకోండి. స్నేహితుడి పిస్టల్ బాగుచేసి పెడదామని ఇంటికి తెచ్చుకున్నా కేసే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, పౌరులకు ఈ అడ్డు లేదు. దాచి మోసే నిబంధనలు మాత్రం రాష్ట్రానికో రకంగా ఉంటాయి. ఇక మన దేశంలో 9 ఎంఎం నిషిద్ధ బోరు (మామూలు లైసెన్సు మీద ఉంచుకోకూడని గొట్టం కొలత). సాధారణ లైసెన్సుదారు దగ్గర ఉండేది .32 పిస్టల్ లేదా రివాల్వర్. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతు పని చేయడానికి కూడా విడిగా లైసెన్సు కావాలి. కాబట్టి ఇక్కడివాళ్లు శుభ్రపరచడం దగ్గరే ఆగి, మిగతాది లైసెన్సున్న డీలరుకు వదిలేయాలి.

చిన్నదానికే ఇన్ని తిప్పలెందుకు?

పేలిన ప్రతిసారీ స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి వెళ్లి, ఖాళీ కేస్‌ను (తూటా పేలాక మిగిలే డొప్పను) లాగి బయటికి విసిరి, ముందుకొస్తూ తూటాలు నింపే మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను చాంబర్‌లోకి (గొట్టం వెనక తూటా కూర్చునే చోటికి) తోస్తుంది. పెద్ద పిస్టల్‌లో స్లైడ్ పైతూటా వెనక అంచును దాటి ఇంకా కొంత దూరం పోతుంది. ఆ కాస్త వ్యవధిలో మ్యాగజైన్ స్ప్రింగ్ తూటాను పైకి తెచ్చి పెడుతుంది. చిన్నదానిలో ఆ అదనపు దూరం నామమాత్రం. 2008లో వచ్చిన ఎల్‌సీపీనే చూడండి: బ్యారెల్ (గొట్టం) 2.75 అంగుళాలు, ఖాళీ బరువు సుమారు 270 గ్రాములు. స్లైడ్ తేలిక కాబట్టి వేగంగా కదులుతుంది, ఆ వేగాన్ని ఆపడానికి స్ప్రింగ్ బిగువుగా పెట్టాలి. స్లైడ్ ఏమాత్రం నెమ్మదించినా తూటా అందదు. మ్యాగజైన్ ఏమాత్రం నెమ్మదించినా తూటా కిందే ఉండిపోతుంది. పెద్ద పిస్టల్ లెక్కచేయని కాస్త మురికి, కాస్త వదులు పట్టు దీనికి చాలు ఆగిపోవడానికి.

1. ఖాళీ చేయండి, మళ్లీ చూడండి

గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకు పెట్టి, వేలు ట్రిగ్గర్ మీద పడకుండా చూసుకోండి. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాతే స్లైడ్ లాగాలి. ఈ వరుస తారుమారైతే చాంబర్‌లోకి కొత్త తూటా ఎక్కి కూర్చుంటుంది. స్లైడ్‌ను వెనక లాక్ చేసి చాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి వచ్చాకే పని మొదలుపెట్టండి. గ్లాక్ పిస్టళ్లను విప్పేటప్పుడు ట్రిగ్గర్ నొక్కాల్సి ఉంటుంది. ఖాళీ అనుకుని నొక్కితే పేలిన ప్రమాదాలు ఇక్కడే జరుగుతాయి.

2. ఏ దశలో ఆగిందో రాసుకోండి

రేంజ్‌లో ఆగగానే గబగబా స్లైడ్ లాగి తూటాను విసిరేస్తే సాక్ష్యం పోతుంది. వేలు తీసేసి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి, ఒక్క క్షణం చూడండి. ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఏ కంపెనీ తూటా, ఎవరు కాలుస్తున్నారు అన్న నాలుగూ నోట్‌బుక్‌లో రాయండి. మ్యాగజైన్ల అడుగున చెరగని మార్కర్‌తో 1, 2, 3 అని అంకెలు వేయండి. ఇది చేయనివాళ్లు నెలల తరబడి పిస్టల్‌ను అనుమానిస్తూ తిరుగుతారు, తప్పు రెండో నంబరు మ్యాగజైన్‌ది అయివుంటుంది.

చూడాల్సిన గుర్తులు ఇవి. కొత్త తూటా ముక్కు ర్యాంపుకు (తూటాను చాంబర్‌లోకి నడిపించే ఏటవాలుకు) గుచ్చుకుని ఆగితే మ్యాగజైన్‌ను, తూటా ఆకారాన్ని అనుమానించాలి. ఖాళీ కేస్ బయటికి పోకుండా స్లైడ్ సందులో నిటారుగా పొగగొట్టంలా నిలబడితే ముందు మీ పట్టు, ఆ తర్వాత బలహీనమైన తూటా, ఎక్స్‌ట్రాక్టర్ (కేస్‌ను చాంబర్‌లోంచి లాగే కొక్కెం). ఖాళీ కేస్ చాంబర్‌లోనే ఉండిపోయి వెనక నుంచి కొత్తది పొడిస్తే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం లేదా మురికి పట్టిన చాంబర్. స్లైడ్ రెండు మూడు మిల్లీమీటర్లు మూసుకోకుండా ఆగితే మురికి, నీరసించిన రీకాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ను తిరిగి ముందుకు తోసేది), లేదా స్లైడ్‌కు రాసుకుంటున్న మీ బొటనవేలు.

ట్రిగ్గర్ నొక్కితే 'టక్' మని మాత్రమే వినిపిస్తే గొట్టాన్ని టార్గెట్ వైపే 30 సెకన్లు పట్టుకోండి. తూటా ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. తర్వాత తీసి ప్రైమర్ (తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న మూత) మీద గుంటను చూడండి. లోతైన గుంట ఉన్నా పేలలేదంటే తప్పు తూటాది. గుంట పైపైన ఉంటే తప్పు పిస్టల్‌ది. ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ దారిలో నూనె, మసి గడ్డకట్టి ఉండొచ్చు, స్ప్రింగ్ నీరసించి ఉండొచ్చు, స్లైడ్ పూర్తిగా మూసుకోకుండా కొట్టి ఉండొచ్చు.

మామూలు శబ్దానికి బదులు 'తుస్' మన్నట్టు వినిపించి, చేతికి దెబ్బ తెలియకపోతే మాత్రం అక్కడితో ఆపేయండి. స్లైడ్ లాగి మరో తూటా పేల్చొద్దు. బుల్లెట్ గొట్టంలోనే చిక్కుకుని ఉండొచ్చు. దాని వెనక ఇంకొకటి పేలితే బ్యారెల్ పగిలి చేతులు పోవచ్చు. పిస్టల్ ఖాళీ చేసి, విప్పి, బ్యారెల్‌లోంచి వెలుతురు కనబడుతోందో లేదో చూశాకే మళ్లీ ముట్టుకోవాలి.

3. శుభ్రం చేయండి, నూనె తగ్గించండి

దాచి మోసే పిస్టల్ కాల్చకపోయినా మురికి పడుతుంది. జేబులోని నూలుపోగులు, చెమట, దుమ్ము కలిసి మ్యాగజైన్ లోపలా, ఎక్స్‌ట్రాక్టర్ కిందా, ఫైరింగ్ పిన్ రంధ్రం చుట్టూ మెత్తలా పేరుకుంటాయి. హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్లలో చెమటకు తుప్పు కూడా తోడవుతుంది.

మాన్యువల్‌లో చెప్పినట్టు విప్పండి. బ్యారెల్, చాంబర్‌లను సాల్వెంట్‌తో తడిపి, బ్యారెల్ కొలతకు సరిపోయే కంచు బ్రష్‌తో చాంబర్ వైపు నుంచి రుద్ది, గుడ్డముక్క తెల్లగా వచ్చేవరకు తుడవండి. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కిందికి నైలాన్ బ్రష్ గానీ టూత్‌పిక్ గానీ పోనిచ్చి మసిని గీకి తీయండి. బ్రీచ్ ముఖాన్ని (తూటా అడుగు ఆనే స్లైడ్ భాగాన్ని), ఫీడ్ ర్యాంపును మెరిసేలా తుడవండి.

నూనె విషయంలో చాలామంది చేసేది ఎక్కువ పోయడం. స్లైడ్ కదిలే పట్టాల్లో ఒక్కోదానికి ఒక చుక్క, బ్యారెల్ పైభాగంలో స్లైడ్‌కు రాసుకుని మెరిసే చోట ఒక చుక్క, బ్యారెల్ కింద పొడుచుకొచ్చిన లగ్ మీద ఒక చుక్క చాలు. ఫైరింగ్ పిన్ దారిలో, మ్యాగజైన్ లోపల ఒక్క చుక్క కూడా వద్దు. అక్కడ నూనె దుమ్మును పట్టి జిగురులా మారుతుంది, తూటాల ప్రైమర్లనూ పాడుచేస్తుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ మసిలో సీసం ఉంటుంది.

4. మ్యాగజైన్లను ఒక్కొక్కటిగా నిలదీయండి

ఎక్కువ సమస్యలు ఇక్కడే తేలతాయి. మ్యాగజైన్ విప్పి లోపల పొడిగుడ్డతో తుడవండి. స్ప్రింగ్ తీసేముందు అది ఏ వైపు తిరిగి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తిరగేసి పెడితే ఫాలోవర్ (స్ప్రింగ్ మీద ఉండి తూటాలను పైకి నెట్టే పలక) వంగి ఎక్కుతుంది, తూటా ముక్కు కిందికి వాలి ర్యాంపుకు గుచ్చుకుంటుంది. ఈ పొరపాటు శుభ్రం చేసిన మరుసటి రోజే బయటపడుతుంది, అందరూ మాత్రం శుభ్రం చేశాక పిస్టల్ పాడైందనుకుంటారు.

పైన తూటాను పట్టి ఉంచే పెదవులు రెండూ సమానంగా ఉన్నాయా, వంగాయా, పగులు ఉందా అని కొత్త మ్యాగజైన్ పక్కన పెట్టి పోల్చండి. ఫాలోవర్‌ను వేలితో కిందికి నొక్కి వదిలితే ఎక్కడా తట్టుకోకుండా పైకి రావాలి. ఎక్కువ కాలం నింపి ఉంచితే స్ప్రింగ్ చస్తుందన్న భయం అక్కర్లేదు. దాన్ని అరగదీసేది మాటిమాటికీ నింపడం, ఖాళీ చేయడం. ఆఖరి ఒకటి రెండు తూటాల దగ్గరే ఇరుక్కుంటుంటే స్ప్రింగ్ నీరసించిందని అర్థం. కొత్తది కొనండి, పిస్టల్ తయారుచేసిన కంపెనీదే కొనండి. పది డాలర్ల ఆదా కోసం వేరే కంపెనీ మ్యాగజైన్‌ను ప్రాణరక్షణ పనికి వాడకండి.

మ్యాగజైన్ దానంతట అదే కిందికి జారిపోతోందా? పేలిన దెబ్బకు పిస్టల్ వెనక్కి తన్నినప్పుడు మీ చెయ్యి రిలీజ్ బటన్ మీద పడుతోందేమో చూడండి. తూటాలు అయిపోయినా స్లైడ్ వెనక ఆగకపోతే బొటనవేలు స్లైడ్ స్టాప్ (ఆఖరి తూటా పేలాక స్లైడ్‌ను వెనక ఆపే మీట) మీద ఉందేమో చూడండి. మొదటి తరం ఎల్‌సీపీలో అసలు ఆ ఏర్పాటే లేదు, అది లోపం కాదు.

5. తూటా మార్చి చూడండి

గుండ్రని ముక్కు ఉన్న, పూర్తిగా రాగి తొడుగున్న తూటా ర్యాంపు మీద సులువుగా జారుతుంది. ముక్కు దగ్గర గుంట ఉండి, నోరు వెడల్పుగా ఉండే హాలో పాయింట్ తూటా అంచు ర్యాంపుకు తగులుకోవచ్చు. ఒకే బరువున్న హాలో పాయింట్లలోనూ కంపెనీని బట్టి ఆకారం మారుతుంది, మీ పిస్టల్ ఒకదాన్ని మింగి ఇంకోదాన్ని కక్కేయొచ్చు. .380 కొలతలో 90 నుంచి 95 గ్రెయిన్లవి (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత), 9 ఎంఎంలో 115, 124, 147 గ్రెయిన్లవి మామూలుగా దొరుకుతాయి. ఇంట్లో నింపినవి, పాత కేసుల్లో తిరిగి నింపినవి పరీక్షకు పనికిరావు.

ఇంకో తప్పు చాలామందికి కనబడదు. రోజూ రాత్రి పిస్టల్ ఖాళీ చేసి, పొద్దున అదే తూటాను చాంబర్‌లోకి ఎక్కిస్తుంటే, ర్యాంపు దెబ్బలకు బుల్లెట్ కేస్‌లోకి కొద్దికొద్దిగా దిగిపోతుంది. పొట్టిబడిన తూటా సరిగా ఎక్కదు, పేలితే లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడండి, కంటికి తేడా తెలిస్తే పక్కన పెట్టేయండి.

6. మీ చెయ్యి

ఈ మాట కొందరికి నచ్చదు గానీ, పొగగొట్టంలా నిలబడే కేసుల్లో సగం కథ పట్టు దగ్గరే ఉంటుంది. స్లైడ్ వెనక్కి వెళ్లడానికి కింది భాగం కదలకుండా ఆధారంగా నిలవాలి. మణికట్టు వదులైతే పిస్టల్ మొత్తం వెనక్కి ఊగుతుంది, స్లైడ్‌కు రావాల్సిన దూరం రాదు. 270 గ్రాముల పిస్టల్‌కు సొంత బరువు ఆధారం కాదు, మీ చెయ్యే ఆధారం.

పరీక్ష ఇలా చేయండి. అదే మ్యాగజైన్, అదే తూటా. అనుభవమున్న మరొకరు రెండు మ్యాగజైన్లు కాల్చి చూడాలి. వాళ్లకు ఆగకపోతే సమాధానం దొరికినట్టే. చెయ్యి వీలైనంత పైకి, స్లైడ్ కిందిదాకా పోనివ్వండి. మణికట్టు బిగించండి, రెండో చేత్తో గట్టిగా చుట్టండి. చిటికెన వేలుకు చోటు లేకపోతే వేలాధారం ఉన్న మ్యాగజైన్ అడుగు పెట్టుకోండి. మొదటి తూటా ఎక్కించేటప్పుడు స్లైడ్‌ను పూర్తిగా లాగి వదిలేయండి. చేత్తో మెల్లగా ముందుకు తీసుకొస్తే మూసుకోకుండా ఆగడం దాని తప్పు కాదు.

7. స్ప్రింగ్, ఎక్స్‌ట్రాక్టర్

ఖాళీ పిస్టల్‌ను పైకి 45 డిగ్రీలు ఎత్తి, స్లైడ్‌ను కొంచెం వెనక్కి లాగి మెల్లగా వదలండి. దానంతట అదే పూర్తిగా మూసుకోవాలి. మధ్యలో ఆగితే రీకాయిల్ స్ప్రింగ్ మార్చాలి. చిన్న పిస్టళ్లలో ఇది త్వరగా అరుగుతుంది. ఎన్ని రౌండ్లకు మార్చాలో మాన్యువల్‌లోనో కంపెనీని అడిగో తెలుసుకుని నోట్‌బుక్‌లో లెక్క పెట్టుకోండి.

ఎక్స్‌ట్రాక్టర్ కోసం, విప్పిన స్లైడ్‌లో డమ్మీ తూటాను (అసలుది వద్దు) కింది నుంచి కొక్కెం కిందికి జారవిడవండి. మెల్లగా ఊపితే పడిపోకుండా నిలవాలి. జారి పడిపోతే కొక్కెం అరిగిందో, దాని స్ప్రింగ్ పోయిందో, కింద మసి మిగిలిందో అనుకోవాలి.

ఇంతకు మించి చేయి పెట్టొద్దు. ర్యాంపుకు గ్రైండర్ పెట్టి నునుపు చేయడం, స్ప్రింగ్ చుట్టు కత్తిరించడం, ట్రిగ్గర్ భాగాలు అరగదీయడం లాంటి పనులతో వారంటీ పోతుంది, ప్రమాదమూ వస్తుంది. కంపెనీ కస్టమర్ సర్వీసుకు ఫోన్ చేసి సీరియల్ నంబరు చెప్పండి, రీకాల్ ఏమైనా ఉందా అని అడగండి. 2008లో రూగర్ తొలి ఎల్‌సీపీలను కింద పడితే పేలే అవకాశం ఉందని వెనక్కి పిలిచి బాగుచేసింది. మరమ్మతు కోసం యజమాని నేరుగా తయారీదారుకు పంపొచ్చు, అది తిరిగి యజమానికే రావచ్చు. ఎలా పంపాలో వాళ్లనే అడిగి తీరాలి. పెట్టెలో మీ మ్యాగజైన్లు, నోట్‌బుక్ పేజీ నకలు కూడా పెట్టండి. తూటాలు మాత్రం ఒక్కటి కూడా పెట్టొద్దు.

8. మళ్లీ నమ్మే ముందు

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. స్ప్రింగూ తూటా కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. మా కొలమానం ఇది: మామూలు తూటాలు 200, మోసే తూటాలు (ఆత్మరక్షణకు పిస్టల్‌లో నింపి ఉంచేవి) కనీసం 50. మోసే మ్యాగజైన్లన్నిటితో, ఒక్క ఆటంకం కూడా లేకుండా. మధ్యలో ఆగితే లెక్క సున్నా నుంచి. మోసే తూటాల పెట్టె ఖరీదెక్కువే, అయినా ఈ 50 దగ్గర పొదుపు చూడకండి.

ఆ తర్వాత నెలకోసారి ఖాళీ చేసి, నూలు తుడిచి, పట్టాల్లో నూనె ఉందో చూడండి. చాంబర్‌లో ఉన్న తూటా పొట్టిబడిందేమో కొత్తదాని పక్కన పెట్టి చూసి, మ్యాగజైన్‌లో అడుగుకు మార్చండి.