మాల్దీవుల్లో ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్ట్: ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

హనీమూన్‌కో, పెళ్లిరోజుకో మాల్దీవులు వెళ్దామని వెతకడం మొదలుపెడితే ‘ఆల్ ఇన్‌క్లూజివ్’ అనే మాట పదేపదే కనిపిస్తుంది. గది, తిండి, తాగుడు అన్నీ ఒకే ధరలో వస్తాయంటే ఇక టెన్షన్ లేదనిపిస్తుంది. తీరా బిల్లు చేతికొచ్చాక చూస్తే, కలవనివే ఎక్కువ.

ముందు కాగితం తీసుకుని అసలు ధర లెక్క కట్టండి

ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే, పన్నులు ఇంకా కలపలేదని అర్థం. దానికి 10 శాతం సర్వీస్ ఛార్జీ, ఆ మొత్తం మీద 17 శాతం టూరిజం జీఎస్టీ పడతాయి. 2025 జూన్ దాకా ఈ జీఎస్టీ 16 శాతమే. ఇవికాక రిసార్టులో మనిషికి రోజుకు 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ ఉంది. పాత వ్యాసాల్లో 6 డాలర్లని రాసి ఉంటుంది, నమ్మకండి. 2025 జనవరి నుంచి అది రెట్టింపైంది.

గది రోజుకు 400 డాలర్లు, పన్నులు అదనం అనుకుందాం. పన్నులతో దాదాపు 515 అవుతుంది. నాలుగు రాత్రులకు 2,060. ఇద్దరికి గ్రీన్ ట్యాక్స్ 96. దీవికి చేర్చే సీప్లేన్‌కు (నీళ్ల మీద దిగే చిన్న విమానం) రానుపోను మనిషికి 450 అనుకుంటే ఇంకో 900. మొత్తం 3,056 డాలర్లు. తెర మీద మీకు కనిపించింది 1,600! రిసార్టులను పోల్చేటప్పుడు ఈ చివరి అంకెలనే పోల్చండి.

సీప్లేన్ అక్కర్లేని దీవి చూసుకోండి

విమానాశ్రయానికి దగ్గరున్న రిసార్టులకు స్పీడ్‌బోట్ సరిపోతుంది, ఖర్చు చాలా తక్కువ. సీప్లేన్లు పగలే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి విమానాశ్రయం పక్కనున్న హుల్హుమాలేలోనో, రాజధాని మాలేలోనో గడపాల్సిందే. అలాంటప్పుడు ఆ రాత్రికి రిసార్ట్ బుక్ చేయకండి. పైనుంచి ఆ నీలం రంగు చూడటం గొప్పగానే ఉంటుంది, కాదనను. కానీ దాన్ని ప్రయాణ ఖర్చుగా కాక సరదా ఖర్చుగా రాసుకోండి.

మీ పొట్టకు తగ్గ ప్లాన్ తీసుకోండి

ఆల్ ఇన్‌క్లూజివ్‌కు అదనంగా కట్టేదాంట్లో పెద్ద వాటా మద్యానిదే. మాల్దీవులకు బయటి నుంచి సీసాలు తీసుకెళ్లనివ్వరు. డ్యూటీ ఫ్రీలో కొన్నదైనా కస్టమ్స్ వాళ్లు అట్టిపెట్టుకుని, తిరుగు ప్రయాణంలో ఇస్తారు. రిసార్ట్ బార్‌లో విడిగా కొంటే జేబు ఖాళీ. కాబట్టి రోజూ రెండు మూడు పెగ్గులు వేసేవాళ్లకు ఈ ప్లాన్ గిట్టుబాటు అవుతుంది. తాగనివాళ్లు, అందులోనూ శాకాహారులు, పక్కవాడి గ్లాసుకు డబ్బు కట్టినట్టే. అలాంటివాళ్లకు మూడు పూటల భోజనం ఉండే ఫుల్ బోర్డ్ చాలు. పదింటికి గట్టిగా టిఫిన్ లాగించే అలవాటుంటే ఉదయం టిఫిన్, రాత్రి భోజనం మాత్రమే ఉండే హాఫ్ బోర్డ్ కూడా సరిపోతుంది. అందులో మంచినీళ్ల సీసాలకు వేరే డబ్బులా అని మాత్రం ముందే కనుక్కోండి.

బుక్ చేసేముందు ఇవి ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి: ఏ రెస్టారెంట్లు ప్లాన్‌లో ఉన్నాయి, మినీబార్ కలిసిందా, స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి పైన ఈదడం) సామాను ఉచితమా, చివరి రోజు భోజనం ఎన్నింటిదాకా పెడతారు.

ఇక వెళ్లే నెల. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాలు, ధరలు తగ్గుతాయి. వాన వచ్చి పోతుంటుంది, సముద్రం కాస్త అల్లకల్లోలంగా ఉంటుంది. క్రిస్మస్, న్యూ ఇయర్ వారం మాత్రం వద్దు. చాలాచోట్ల ఆ రెండు రాత్రుల విందుకు తప్పనిసరిగా విడిగా డబ్బు కట్టించుకుంటారు.

నాకు నచ్చిన పద్ధతి: మాఫుషి లాంటి స్థానికులుండే దీవిలో గెస్ట్‌హౌస్‌లో మూడు రాత్రులు, చివర్లో రిసార్టులో రెండు. 50 గదుల లోపు గెస్ట్‌హౌస్‌లకు గ్రీన్ ట్యాక్స్ 6 డాలర్లే. అక్కడ మద్యం దొరకదు, స్విమ్‌సూట్లు కేటాయించిన బీచ్‌లోనే వేసుకోవాలి. రిసార్ట్ మోజు ఒక్క పూటతో తీరిపోతుందనుకుంటే డే పాస్ కొనుక్కోండి.

మనవాళ్లకు టూరిస్ట్ వీసా దిగగానే ఉచితంగా ఇస్తారు. ప్రయాణానికి 96 గంటల లోపు ఆన్‌లైన్‌లో నింపే ‘ఇముగా’ అనే ప్రయాణ వివరాల ఫారం కూడా ఉచితమే. దీనికి ఫీజు అడిగే సైట్ కనిపిస్తే మూసేయండి. ప్యాకేజీ ఏజెంటు దగ్గర కొంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. ఆ రసీదు పారేయకండి, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపిస్తే అది మీ పన్నులో సర్దుబాటు అవుతుంది.