విండ్ బ్యాండ్ తోడుగా ఏకగాత్ర ఒపెరా దృశ్యం: స్వరరచనకు కొన్ని సూచనలు

విండ్ బ్యాండ్‌లో, అంటే ఊది వాయించే వాద్యాలే ప్రధానంగా ఉండే బృందంలో, ఇత్తడి వాద్యాలు నిండుగా మోగుతున్నప్పుడు ఎంత శిక్షణ పొందిన గొంతైనా అణగిపోతుంది. అందువల్ల స్కోరు (అన్ని వాద్యాల స్వరాలనూ కలిపి రాసే ప్రతి) మొదలుపెట్టడానికి ముందే, శ్రోతకు తప్పక వినబడవలసిన మాటలను సాహిత్యంలో గుర్తించి, ఆ మాటల కింద దాదాపు ఏ వాద్యమూ లేకుండా చూసుకోవాలి.

నిర్మాణానికి 19వ శతాబ్దపు ఇటాలియన్ పద్ధతి నేటికీ అక్కరకు వస్తుంది: ముందు మాటల నడకలో సాగే రెసిటేటివ్, తరువాత నిదానమైన పాట, కథను మలుపు తిప్పే చిన్న ఘట్టం, చివర వేగంగా సాగే కాబలెట్టా. ఇటాలియన్ స్వరకర్త వెర్డి ఒపెరా ‘లా ట్రావియాటా’ (1853) మొదటి అంకం ముగింపులో నాయిక వయొలెట్టా ఒంటరిగా పాడే దృశ్యం ఈ వరుసలోనే నడుస్తుంది. మలుపుకు బలమైన కారణం లేకపోతే చివరి వేగం వట్టి ఆర్భాటమవుతుంది.

అసలు కష్టం వాద్యాల కూర్పులో ఉంది. ఆర్కెస్ట్రాలో వయొలిన్లు వణికిస్తూ పలికే ఉత్కంఠను ఇక్కడ రెండు క్లారినెట్లకు అప్పగించవచ్చు. కింది స్థాయిలో, పక్కపక్క స్వరాల మధ్య, అతి మెల్లగా ఊగిసలాడితే గాయని గొంతు వాటిపై తేలుతుంది. అదే పనిని ఓబోకు ఇవ్వకూడదు, ఎందుకంటే దాని కింది స్వరాలు మందంగా ఉండి, మెల్లగా పలకడానికి మొరాయిస్తాయి. ట్రంపెట్ గాని, ఆల్టో శాక్సొఫోన్ గాని గాయని స్వరపంక్తిని అదే స్థాయిలో అనుసరిస్తే మాటలు చెరిగిపోతాయి. సొప్రానో బాగా పైస్థాయికి వెళ్లినప్పుడు అచ్చుల తేడా ఎలాగూ తెలియదు కనుక, కథకు కీలకమైన వాక్యాన్ని మధ్యస్థాయిలోనే ఉంచడం మేలు.

ఊది వాయించేవారికీ ఊపిరి కావాలన్న సంగతిని పియానోపై రచించేవారు తరచు మరచిపోతారు. సుదీర్ఘంగా నిలిచే స్వరాన్ని ఇద్దరు ముగ్గురికి పంచి, వేర్వేరు చోట్ల శ్వాస తీసుకోమని పార్టులో (ఒక్కో వాద్యానికి విడిగా ఇచ్చే స్వరప్రతిలో) రాయాలి. రెసిటేటివ్‌లో మాత్రం గాయని వాక్యం ముగిశాక ఒక్క పొట్టి కార్డు (ఒకేసారి మోగే కొన్ని స్వరాల కలయిక) చాలు. దాన్ని ఏ అక్షరం తరువాత వాయించాలో తెలిసేలా సాహిత్యాన్ని వాద్యకారుల పార్టులలో కూడా ముద్రించాలి.

బి-ఫ్లాట్, ఇ-ఫ్లాట్ వంటి శ్రుతులు బ్యాండుకు సుఖమే అయినా, తుది నిర్ణయం గాయని గొంతుదే. రిహార్సల్‌లో ఒకరిని హాలు చివరి వరుసలో కూర్చోబెట్టి, వినబడని మాటలను పెన్సిలుతో గుర్తించమనాలి. ఆయా చోట్ల గాయనిని గట్టిగా పాడమని ఒత్తిడి చేయకుండా, ఒక్కో పార్టుకు ఒక్కరినే ఉంచి మిగిలినవారిని ఆపాలి.