చేతిపని బల్ల దగ్గర తోటివారి పనిని చూసి చెప్పవలసిన పద్ధతి

మ్యూజియానికి వచ్చినవారి చేత ఏదైనా చిన్న వస్తువు చేయించే కార్యక్రమాలను నడిపేవారు ఒకరి పనిని మరొకరు చూసి అభిప్రాయం చెప్పుకోవడం మంచి అలవాటే గాని, మన దగ్గర అది చాలాసార్లు “బాగా చేశారండీ” అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది. ఆ మాటకు ఎవరి మనసూ నొచ్చుకోదు, మరుసటి ఆదివారానికి బల్ల మీద ఏదీ మారదు. నిర్వాహకుడు ఏం చెప్పాడన్నదాని కంటే సందర్శకుల చేతులు ఏం చేశాయన్నది గమనించి, దానినే చెప్పడం అలవాటు చేసుకుంటే ఈ మొహమాటం సగం తగ్గుతుంది.

విశాఖ బీచ్ రోడ్డులో కార్యక్రమం నడిపేవారు మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. 2002 నుంచి ప్రజలు లోపలికి వెళ్లి చూడగలుగుతున్న కురుసుర జలాంతర్గామిని, దానికి ఎదురుగా 2017లో ఏర్పాటైన టీయూ-142 విమానాన్ని, డచ్చివారి నాటి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియాన్ని ఒకే సాయంత్రం చుట్టిరావాలని బయలుదేరిన కుటుంబం, కాళ్లకు ఇసుకతో, చంకలో పసిబిడ్డతో ఆ బల్ల దగ్గర కూర్చుంటుంది. వారు శిష్యరికానికి వచ్చినవారు కారు. శిక్షణ తరగతిని చూసే కళ్లతో ఆ బల్లను చూస్తే మన అభిప్రాయం దారి తప్పుతుంది.

కాబట్టి పరిశీలనకు వెళ్లేవారు ముందుగా సందర్శకుల కుర్చీలో కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా ఆ వస్తువును ఒకసారి తామే చేసి, ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. తర్వాత నిర్వాహకుణ్ణి “ఈ రోజు నన్ను ప్రత్యేకంగా ఏం చూడమంటారు?” అని అడగాలి. పరిశీలించేటప్పుడు నిర్వాహకుడి వెనుక నిలబడకుండా, సందర్శకుల చేతులు కనిపించే పక్కన నిలబడాలి. కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి, ఒకవైపు కంటితో చూసినదాన్ని, రెండోవైపు మనకు తోచినదాన్ని రాసుకోవాలి.

ఏటికొప్పాక బొంగరానికి రంగులు వేయించే బల్లనే తీసుకుందాం. “పిల్లలు ఇబ్బంది పడ్డారు” అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. “పాప కాడ పట్టుకుని బొంగరమంతా రంగు వేసింది, కాడ వంతు వచ్చేసరికి పట్టుకోవడానికి పొడి చోటు మిగలలేదు, తడి బొంగరాన్ని తల్లి చేతిలో పెట్టింది, తల్లి దాన్ని టిక్కెట్టు కాగితంలో చుట్టగానే రంగంతా కాగితానికి అంటింది” అని రాస్తే, పరిష్కారం అందులోనే కనిపిస్తుంది. సముద్రపు గాలిలోని తేమకు రంగు త్వరగా ఆరదు. బొంగరాలను నిలబెట్టి ఆరబెట్టడానికి రంధ్రాలున్న చెక్కపలక ఒకటి పెడితే చాలు.

దీనికన్నా సున్నితమైనది వృత్తికి సంబంధించిన నిజం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో రంగు వేయడమంటే కుంచె పని కాదు. తరిమెన మీద, అంటే కర్రను గుండ్రంగా తిప్పుతూ చెక్కే సాధనం మీద, తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్కను ఒత్తిపట్టినప్పుడు, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మల నునుపుకు మూలం అదే. బల్ల దగ్గర కుంచెతో రంగు వేయించడం తప్పు కాదు, తరిమెన ముందు పిల్లలను కూర్చోబెట్టలేం కదా. అయితే అసలు పనికీ ఈ ఆటకూ ఉన్న తేడాను సందర్శకుడికి ఎవరైనా చెప్పారా, తరిమెన పట్టిన బొమ్మనొకదాన్ని వారి చేతికి ఇచ్చారా అన్నది పరిశీలకుడు తప్పక గమనించవలసిన విషయం. ఇక లక్క గురించి, కర్ర గురించి బొమ్మల కళాకారుడు చెప్పే మాటను మనం సరిదిద్దబోకూడదు. అనుమానం ఉంటే అడిగి తెలుసుకోవాలి.

చెప్పే సమయాన్ని ఎంచుకోవడంలో నేనొకసారి పొరపాటు చేశాను. ఒక పెద్దాయన కార్యక్రమం నడుపుతుండగా, ఇంకా నలుగురు సందర్శకులు బల్ల దగ్గర ఉండగానే “మీరు కొంచెం వేగంగా చెబుతున్నారండీ” అన్నాను. నేను అన్నది నిజమే. కాని ఆయన ఆ సాయంత్రమంతా అవసరానికి మించి ఒక్క మాటా మాట్లాడలేదు. అప్పటి నుంచి సందర్శకులు వెళ్లి, బల్ల తుడిచి, టీ తాగుతూ కూర్చున్నాకే కాగితం బయటికి తీస్తున్నాను. మొదటి మాట వారిదే కావాలి: “మీకు ఎలా అనిపించింది, బాబాయిగారూ?” అని అడిగితే, మనం రాసుకున్న వాటిలో చాలావరకు వారే చెబుతారు. మిగిలిన దాన్ని “పాప ఇక్కడ ఆగిపోయింది, నేను చూశాను” అని జరిగింది జరిగినట్టు చెప్పాలి. “మీరు ఇలా చేయకూడదు” అనే వాక్యాన్ని ఆ సంభాషణలోకి రానివ్వకూడదు.

అభిప్రాయం వినేవారు వెంటనే సంజాయిషీ ఇవ్వకుండా రాసుకుంటే చాలు. కాగితం మీద పది విషయాలున్నా మార్చవలసింది ఒక్కటే ఎంచుకోవాలి, ఎందుకంటే రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. చెక్కపలక పెట్టాలని అనుకుంటే, తర్వాతి ఆదివారం అదే పరిశీలకుడు అదే పక్కన నిలబడి, తడి బొంగరాలు పలక మీదికి వెళుతున్నాయో, ఇంకా తల్లుల చేతుల్లోకే వెళుతున్నాయో లెక్కపెట్టాలి.